బోడిమెట్ట కప్ప మీద నేనిచ్చిన రెండు తీర్పులు

చోడవరంలో ఎవరింటి పెళ్లికి వెళ్లినా నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేసే తీరు ఒకటే. "ఈయన కప్పల ఆఫీసరు" అంటారు. విన్నవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ప్రభుత్వం దానికి కూడా జీతం ఇస్తుందా అని అడుగుతారు. ఇస్తుంది. నాకు ముప్ఫై నాలుగేళ్లు ఇచ్చింది. కప్పలనూ, బల్లులనూ, పాములనూ చూసి ఇది ఫలానా జాతి అని చెప్పడం నా పని. ఇంతవరకు ఎవరూ గుర్తించనిది ఎదురైతే ఆ మాట చెప్పడం కూడా నా పనే.

ఈ మధ్య ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేస్తుంటారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది అంటారు. వాటికి నా దగ్గర పనికొచ్చే జవాబులు లేవు. నా దగ్గర ఉన్నది ఒక గోదురుకప్ప కథ. ఒళ్లంతా పొక్కులతో, గెంతడం కంటే నడవడానికే ఇష్టపడుతూ, వాన పడగానే మన గుమ్మాల్లోకి వస్తుందే, ఆ కప్ప. అలాంటి ఒక కప్ప మీద నేను రెండుసార్లు తీర్పు చెప్పాను. మొదటిది తప్పు. తెలియక చేసిన తప్పు కూడా కాదు. రెండోది చెప్పగలిగాను కాబట్టే ఇవాళ తలెత్తుకుని ఇది రాస్తున్నాను.

పేరు పెట్టాలా, వద్దా

ఒక ఊరి కప్పకూ పక్క ఊరి కప్పకూ కొంత తేడా ఉంటుంది, మనుషుల్లో ఉన్నట్టే. ఆ తేడా ఎంత ఉంటే వేరే జాతి అనాలి? దీనికి ఎవరూ గీత గీసి ఇవ్వలేదు. మేం ముఖ్యంగా చూసుకునేది ఒకటి. ఈ రెండు గుంపులూ కలిసి పిల్లల్ని కంటున్నాయా? కంటూ ఉంటే అటూ ఇటూ కాని మధ్యరకం కప్పలు కనిపించాలి. కనిపిస్తే ఒకే జాతి. పక్కపక్కనే బతుకుతూ కూడా మధ్యరకం ఒక్కటీ లేకపోతే, అవి ఏనాడో విడిపోయి ఎవరి దారిన అవి పోయాయని అర్థం. ఇంతకు మించి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ, ఈ కథకు ఇది చాలు.

నేను చేరినప్పుడు మా పై అధికారి సోమయాజులు గారు. కప్పను అరచేతిలో పెట్టుకుని, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, పావుగంట మాట్లాడకుండా చూసేవారు. ఆయన ముందు కొత్త జాతి అనే మాట ఎత్తాలంటే మాకు వణుకు.

"పుస్తకంలో నీ పేరు ఎక్కడం కోసం కప్పకు కొత్త పేరు పెడతావా? వెళ్లి ఇంకో పది చూసి రా" అనేవారు.

ఆయన కోపానికి కారణం ఉంది. ప్రతి మడుగులోనూ ఒక కొత్త జాతిని కనిపెట్టి పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన ఇంకో మాట కూడా చెప్పేవారు. తెలియకపోతే తెలియదని రాయండి, అందులో చిన్నతనం లేదు అని. నేను మొదటి పాఠం బాగా నేర్చుకున్నాను. రెండోది నేర్చుకోవడానికి నాకు ఉద్యోగ జీవితమంతా పట్టింది.

ఊట దగ్గర

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మా ప్రాంతపు కప్పల జాబితా తయారు చేయమని నన్నే పంపించారు. సొంత ఊరి చుట్టూ తిరిగే పని. వడ్డాది దగ్గర చెరుకు తోటల బోదెల్లో రెండు రోజులు తిరిగి పది గోదురుకప్పలు పట్టాను. పెద్దవీ పిల్లలూ కలిపి అన్నీ మామూలువే. మూడో రోజు చీడికాడ దాటి బోడిమెట్టకు వెళ్లాను. కొండ మీద చెట్టూ చేమా తక్కువ. ఒక పెద్ద బండ కింద నుంచి మాత్రం ఎండాకాలంలో కూడా ఊట వస్తుంది. అది సన్నటి గెడ్డగా కిందికి దిగి ఊరి మడుల్లో కలుస్తుంది.

ఊట పక్కన తడి రాళ్ల కింద కప్పలు ఉన్నాయి. చూడటానికి గోదురుకప్పలే, కానీ చిన్నవి. తలమీద ఉండే నల్లటి గట్లు వీటికి సరిగ్గా కనిపించలేదు. కళ్ల వెనక విషగ్రంథి గుండ్రంగా ఉంది. తొమ్మిదింటిని పట్టి తడి గుడ్డసంచిలో వేస్తుంటే, నీళ్లకు వచ్చిన ఒకావిడ బిందె దించి నా వెనక నిలబడింది. ఆవిడ పేరు అప్పలనరసమ్మ అని తర్వాత తెలిసింది. అప్పటికి ముప్ఫై ఏళ్లుంటాయేమో.

"ఏటి బాబూ, కప్పల్ని మూట గడతన్నావు? మీ ఇంట్లో కూరొండుకుంతారేటి?"

"కాదమ్మా, పరీక్ష చేయడానికి. గవర్నమెంటు పని."

"గవర్నమెంటుకి కప్పల కరువొచ్చిందేటి?" అని నవ్వి, సంచిలోకి తొంగి చూసింది. "పడితే పట్టేవు గానీ ఎండలో ఎట్టకు. ఇవి ఊరికప్పలు కావు, ఊటకప్పలు."

"తేడా ఏటి?"

"వానల్నేనప్పుడు కప్పతల్లిని తిప్పుతాం కదా, దానికి ఊరికప్పనే పడతాం. దీన్ని ముట్టం. మా అత్త కాలంలో ఓపాలి తెలీక దీన్ని కట్టేరంట. మూడిళ్లు తిరక్కుండానే పేనం పోయింది. అది మొదలు దీని జోలికెవురూ రారు. ఇది వేరు బాబూ."

కప్పతల్లి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. వానలు వెనకబడినప్పుడు ఆడవాళ్లు రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో ఒక కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్లు పోస్తుంది. తర్వాత కప్పను వదిలేస్తారు. మామూలు గోదురుకప్ప చర్మం మందం. ఊరంతా తిరిగినా బతికే ఉంటుంది. ఇంటింటా నీళ్లు పోస్తున్నా మూడిళ్లు తిరగకుండా ఎండకు వడలి చచ్చిపోయే కప్ప అంటే దాని ఒంటి తీరే వేరని అర్థం. ఆవిడ నాకు ఒక ప్రయోగం ఫలితాన్ని చెప్పింది. ఆ ఊళ్లో దాన్ని తరం నుంచి తరానికి గుర్తుపెట్టుకున్నారు. నేను అది పల్లెటూరి నమ్మకం అనుకుని నా నోటుబుక్కులో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

చీటీలు

పట్టిన కప్పను చంపి స్పిరిట్‌లో పెట్టి, ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి, దారంతో కాలికి కట్టాలి. ఆ చీటీ పెన్సిల్‌తో రాయాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పేది ఇదే. వడ్డాదిలో టీకొట్టు బల్ల మీద కూర్చుని చీటీలు రాస్తుంటే నా పెన్సిల్ ముక్క విరిగి విరిగి అయిపోయింది. కొట్టతని దగ్గర బాల్‌పెన్ను అడిగి తీసుకున్నాను. ఆఫీసుకు వెళ్లాక మళ్లీ రాసుకోవచ్చులే అనుకున్నాను. బస్సులో ఒక సీసా మూత కారడం మొదలుపెట్టింది. మెట్టవీ, వడ్డాదివీ అన్నీ కలిపి ఒకే సీసాలో వేశాను. చీటీలు కాళ్లకు కట్టే ఉన్నాయి కదా అని ధైర్యం.

ఆఫీసుకు చేరగానే నన్ను వారం రోజులు ట్రైనింగ్‌కు పంపారు. తిరిగి వచ్చి బీరువా తెరిస్తే సీసాలో స్పిరిట్ లేత ఊదారంగులో ఉంది. బాల్‌పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. పంతొమ్మిది చీటీలూ తెల్లగా ఉన్నాయి.

నిజాయితీగా చేయాల్సినవి రెండే ఉన్నాయి. మళ్లీ బోడిమెట్టకు వెళ్లడం, లేదా ఈ సీసా పనికిరాదని రాసి సోమయాజులు గారికి చూపించడం. మళ్లీ వెళ్లడానికి బద్ధకించాను. ఆయనకు చూపించడానికి భయపడ్డాను. తలుపు వేసుకుని, కప్పలను ట్రేలో పరిచి, పెద్దవన్నీ వడ్డాదివి, చిన్నవన్నీ మెట్టవి అని వేరు చేశాను. మామూలు కప్పల పిల్లలు కూడా చిన్నగానే ఉంటాయన్న ఇంగితం నాకు లేక కాదు. ఆ మధ్యాహ్నం దాన్ని పక్కన పెట్టేశాను.

కొలతలు వేస్తే ఏం తేలుతుంది? మెట్ట కప్పలు అని నేను పెట్టుకున్న గుంపులో నాలుగింటికి తలమీద గట్లు నల్లగా, గ్రంథి పొడుగ్గా ఉన్నాయి. మిగతావాటికి లేవు. అంటే ఆ ఊట దగ్గర రెండు రకాల లక్షణాలూ కలిసిపోయి ఉన్నట్టు. మధ్యరకం దొరికినట్టు.

సోమయాజులు గారు నా పట్టిక చూశారు. "ఈ నాలుగూ ఊట దగ్గర దొరికినవేనా?"

"అవును సార్."

"సందేహం లేదుగా?"

"లేదు సార్."

ఆ రెండు జవాబులూ అబద్ధాలు. నాలుగు పేజీల వ్యాసం అచ్చయింది. బోడిమెట్ట కప్పలు మామూలు గోదురుకప్పలే, ఇరుకైన చోట బతకడం వల్ల చిన్నవయ్యాయి అని అందులో తేల్చాను. సోమయాజులు గారు నలుగురి ముందు, వీడు పేరు కోసం పాకులాడే రకం కాదు అని మెచ్చుకున్నారు. పిరికితనం వినయంలా కనిపించగలదని ఆ రోజు తెలిసింది. నేను ఆ మెప్పును వద్దనలేదు.

మధ్యలో

తర్వాత పని బాగా చేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, చేశాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి తాబేళ్ల అక్రమ రవాణా కేసులో నేను గుర్తించిన జాతి తప్పని నిరూపించడానికి ఒక వకీలు నన్ను కోర్టులో పూటంతా నిలబెట్టాడు. నేను పెంకు మీది గీతలు ఒక్కొక్కటే చూపించాను. చివరికి జడ్జి గారే కిందికి వంగి లెక్కపెట్టుకుని, ఈయన చెప్పిందే నిజం అన్నారు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడి జేబులో రెండు పెన్సిళ్లు ఉండేవి. లేకపోతే అడవిలోకి రానిచ్చేవాణ్ని కాదు. ఎందుకింత పట్టుదల అని వాళ్లు అడిగేవారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

గౌరి

రిటైరై చోడవరం వచ్చి స్థిరపడ్డాక ఒక ఉదయం స్కూటీ మీద ఒకమ్మాయి వచ్చింది. పేరు గౌరి. రావికమతం దగ్గర చెరుకు రైతుల పిల్ల. కప్పల మీద పరిశోధన చేస్తోంది.

"సార్, మీ బోడిమెట్ట పేపర్ మీద మాట్లాడదామని వొచ్చేను. అది వేరే స్పీసీస్ అని నేనంటన్నాను సార్. మీ పేపర్ కాదంటంది."

కూర్చోబెట్టి విన్నాను. ఆ కొండ మీద రాతి క్వారీకి ఎవరో దరఖాస్తు పెట్టారు. పేలుళ్లు సరిగ్గా ఊటకు పై భాగంలో జరుగుతాయి. బండ కదిలితే ఊట ఆగిపోతుంది, ఊట ఆగితే ఆ కప్పలకు ఇంకో చోటు లేదు. చుట్టుపక్కల కొండలన్నీ గౌరి వెతికింది, ఎక్కడా లేవు. క్వారీ వాళ్లు పెట్టిన నివేదికలో, ఇక్కడున్నది మామూలు గోదురుకప్ప మాత్రమే అని రాసి, రుజువుగా నా వ్యాసాన్ని చూపించారు. గౌరి దగ్గర కప్పల అరుపుల రికార్డింగులు ఉన్నాయి, తోకకప్పల ఫొటోలు ఉన్నాయి. కానీ పెద్దాయన మధ్యరకం చూశానని రాశాక నీ మాట ఎవరూ వినరు, టాపిక్ మార్చుకో అని ఆమె గైడ్ చెబుతున్నాడట.

"ఆ నాలుగూ ఊట కాడే దొరికేయా సార్?"

"పేపర్లో రాశాను కదమ్మా" అన్నాను. కాఫీ ఇప్పించి పంపేశాను.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. లోపల గదిలో పడుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పించాను. స్కూటీ వెళ్లిన చప్పుడు విన్నాక మా ఆవిడ లలిత గదిలోకి వచ్చింది.

"ఏటైంది మీకు? పొద్దున్న నాలుగిడ్లీలు తిన్నారు కదా. ఆ గుంట ఎండలో బండి మీద వొచ్చింది. కప్ప పేరు చెప్తే మీకు జ్వరమొచ్చేస్తాదేటండీ?"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మొదటి తప్పుకు వయసు తక్కువనీ, భయమనీ ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. గౌరిని తప్పించుకు తిరిగిన ఈ రోజులకు ఏ సాకూ లేదు. ఇప్పుడు నాకు పోయే ఉద్యోగం లేదు, తిట్టే అధికారి లేడు.

వాన పడిన రోజు

తొలకరి పడిన రోజు గౌరి ఫోన్ చేసింది. "సార్, మెట్ట మీద కప్పలు అరుస్తన్నాయి. పట్టపగలు సార్! ఒక్కపాలి వొచ్చి వినండి. తర్వాత మీ ఇష్టం, ఇంక నేను మీ ఇంటికి రాను."

చీడికాడ వరకు షేర్ ఆటోలో వెళ్లాను. అక్కణ్నుంచి ఆమె స్కూటీ వెనక. ఊట దగ్గరికి ఎక్కేసరికి సన్నగా వాన పడుతూనే ఉంది. మామూలు గోదురుకప్ప చీకటి పడ్డాక గొంతు ఉబ్బించి గుక్క తిప్పుకోకుండా సాగదీసి అరుస్తుంది. ఇక్కడ వినిపించింది అది కాదు. రెండు గులకరాళ్లు ఒకదానికొకటి కొట్టినట్టు టక్, టక్, టక్. బండ కింద నుంచి ఒకటి, గెడ్డ అవతల నుంచి ఇంకొకటి. నేను అంత ధీమాగా తీర్పు చెప్పిన జంతువు గొంతు అంతవరకు ఒక్కసారి కూడా వినలేదు. ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నం వచ్చి పోయినవాడికి ఎలా వినిపిస్తుంది?

అప్పలనరసమ్మ అక్కడే ఉంది. ముసలిదైపోయింది. గొడుగు కింద నుంచి నన్ను తేరిపార చూసింది.

"ఎవులే ఈయన? ఆనాడు కప్పల్ని మూటగట్టుకెల్లిన బాబేనా? జుట్టంతా ఎటెల్పోయింది బాబూ?"

గౌరి నవ్వలేదు. నా వైపు తిరిగింది. "మూడు వానాకాలాలు తిరిగేను సార్. మధ్యరకం ఒక్కటీ కనబడనేదు. మీకే రాయి కాడ దొరికేయో సూపించండి. ఉంటే నేనే మానేస్తాను."

నేను రాళ్లవైపు చూశాను. చూపించడానికి ఏమీ లేదు. "ఇక్కడ కాదమ్మా. అవి నాకు సీసాలో దొరికాయి" అన్నాను. టీకొట్టు బాల్‌పెన్ను దగ్గర నుంచి సోమయాజులు గారికి చెప్పిన అబద్ధం దాకా అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె వానలో తడుస్తూ నిలబడింది.

"మా నాన్న ఇంక సదువు సాలు, తోటలో పన్లోకొచ్చీమంటన్నాడు సార్" అంది చివరికి. "మొదటి రోజే సెప్పుంటే..."

"అవునమ్మా."

"అవునంటే అయిపోద్దా సార్?"

అప్పలనరసమ్మ మధ్యలోకి వచ్చింది. "పెద్దాయన్ని అలగ నిలేస్తావేటే గుంటా?"

"నీకు తెల్దు మామ్మా. ఈ కప్పని ఈయనే నేదనీసేడు."

"నేదంటే పోద్దేటి? అదిగో, అరుస్తంది" అంది ఆవిడ.

తర్వాత గౌరి మొహం తుడుచుకుని అడిగింది. "ఆ సీసా ఇంకా ఉందా సార్?"

"ఉండాలి. మా ఆఫీసులో దేన్నీ పారేయరు."

"ఫార్మలినా, స్పిరిట్టా?"

"స్పిరిట్."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఫార్మలిన్‌లో అన్నేళ్లు నానిన కప్ప నుంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం. స్పిరిట్‌లో ఉన్నదాని నుంచి చాలాసార్లు తీయగలరు. చీటీ మీది అక్షరాలను కరిగించింది స్పిరిట్టే. కప్ప ఒంట్లో రాసి ఉన్నదాన్ని కాపాడింది కూడా అదే.

పంతొమ్మిది కప్పలు

పాత ఆఫీసులో కింది అరలో దుమ్ము కింద సీసా దొరికింది. నా కుర్చీలో ఇప్పుడున్న అధికారి నాకన్నా చాలా చిన్నవాడు. విషయమంతా విని, పరీక్షకు అనుమతి కాగితం మీద సంతకం పెట్టి, మీరు కూర్చోండి సార్ అని కుర్చీ లాగాడు. ఆ మర్యాదకు నేను తగనని అనిపించింది. అయినా కూర్చున్నాను.

ఒక్కో కప్పకు అంకె వేసి, కాలేయం నుంచి గోరంత ముక్క తీసి గౌరి పట్టుకెళ్లింది. ఫలితాలు వచ్చేవరకు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. రోజులు లెక్కపెట్టుకున్నాను. ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"తొమ్మిది మెట్టవి, పది కిందవి సార్. కరెక్టుగా మీరు పట్టినన్నే. మధ్యరకం సున్నా."

నేను మధ్యరకం అన్న నాలుగూ వడ్డాది చెరుకు తోటల పిల్లకప్పలు. వడ్డాది గుంపులోకి నేను తోసిన నాలుగు, ఊట దగ్గర పెరిగిన పెద్ద ఆడకప్పలు. ప్రతిదానికీ దాని ఊరు దొరికింది.

ఇంకో మేలు కూడా జరిగింది. కొత్త జాతిని ప్రకటించాలంటే దానికి ఆధారంగా ఒక కప్పను భద్రపరిచి చూపించాలి. అంత కొద్ది కప్పలున్న ఊట నుంచి ఇంకోదాన్ని చంపి తేవడానికి గౌరికి మనసొప్పలేదు. ఆ అవసరం రాలేదు. నేను అన్నేళ్ల కిందట చంపి, ఊరూపేరూ లేకుండా చేసిన తొమ్మిదింటిలో ఒకటి ఆ జాతికి ఆధారమైంది. ఈ పనిలో నాకు గర్వం కలిగించిన సంగతులు ఎన్నో ఉన్నాయి గానీ, ఇంత ఊరట ఇచ్చింది ఇంకొకటి లేదు.

కమిటీ ముందు

నా వ్యాసం తప్పని అదే పత్రికకు రాసి పంపాను. చీటీలు చెరిగిపోయిన సంగతి, నేను దాచిన సంగతి, సోమయాజులు గారికి ఏమీ తెలియదన్న సంగతి, మూడూ రాశాను. అది చూసిన ఒక పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. "రిటైరయ్యాక ఇదంతా ఎందుకండీ? ఇప్పుడు మనందరి పనినీ అనుమానిస్తారు" అన్నాడు. అనుమానించనీ, సీసాలు ఉన్నాయి కదా, తెరిచి చూసుకుంటారు అన్నాను. అతను మళ్లీ ఫోన్ చేయలేదు.

క్వారీ మీద నిర్ణయం తీసుకునే కమిటీ ముందు గౌరి మాట్లాడింది. ఆమె తర్వాత నన్ను పిలిచారు. క్వారీ తరఫు లాయరు లేచాడు. మా ప్రాంతం వాడే.

"మాస్టారూ, అప్పుడు ఒకటే జాతన్నారు. ఇప్పుడు రెండంటన్నారు. రేపొచ్చి మూడంటారేటి?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, బాగానే అన్నాడు.

"అప్పుడు రాసింది అబద్ధమని ఒప్పుకుంటన్నారా?"

"ఒప్పుకుంటన్నాను. రాసి సంతకం కూడా పెట్టేను. చదవమంటే చదువుతాను."

"అబద్ధం రాసినాయన మాట ఇప్పుడు మేవెలగ నమ్ముతాం?"

"నమ్మొద్దు బాబూ. నా మాట నమ్మమని నేను రాలేదు. ఈ అమ్మాయి అరుపులు రికార్డు చేసింది, వినండి. ఆ పంతొమ్మిది కప్పల పరీక్షలు మీరు ఇంకో చోట చేయించుకోండి. ఆమె దారికి అడ్డంగా నా కాగితం ఒకటి పడుంది. దాన్ని తీసేయడానికి వొచ్చేను, అంతే."

లాయరు కూర్చున్నాడు. కమిటీ వాళ్లు ఆ పరీక్షను నిజంగానే ఇంకో చోట చేయించారు. అదే ఫలితం వచ్చింది. చివరికి ఊటనూ, దాని పైనున్న బండలనూ, మడుల వరకు ఉన్న గెడ్డనూ క్వారీ హద్దుల నుంచి తొలగించారు. పడమటి వైపు కొండను ఇచ్చేశారు. ఆ పేలుళ్లు ఊట దగ్గరికి వినిపిస్తాయి. కప్ప గట్టెక్కిందని నేను అనను. ఉన్నది ఒక్క చోటు, ఒక చెడ్డ ఎండాకాలం చాలు. కానీ ఇప్పుడు దాన్ని పోగొట్టాలంటే, ఏం పోగొడుతున్నారో తెలిసే పోగొట్టాలి. మా ఉద్యోగం చేయగలిగేది అంతవరకే. అది చిన్న పని కాదు.

పేరు

పేరు పెట్టే సమయానికి గౌరి కోపం కొంత తగ్గింది. "మీ పేరు పెడదామా సార్?" అని అడిగింది. పరాచికానికి అడిగిందో, నిజంగా అడిగిందో తెలియలేదు.

"నా చేతిలో అది ఒకసారి చచ్చింది చాలు" అన్నాను.

ఊట అనే మాట మీదనే పేరు పెట్టింది. ఆ సంగతి చెప్పడానికి వెళితే అప్పలనరసమ్మ, "మావు పిలిసే పేరేనా? దానికిన్ని సదువులేటి?" అందట. వ్యాసం రాసినవాళ్లలో నా పేరు కూడా చేరుస్తానంది గౌరి. అది కూడా వద్దన్నాను. ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడిగాను.

కొత్త జాతిని ప్రకటించే ప్రతి వ్యాసంలో, పేరు కింద చిన్న అక్షరాలతో ఒక జాబితా ఉంటుంది. ఈ జంతువును ఇంతకుముందు ఎవరు, ఎక్కడ, ఏ పేరుతో రాశారు, ఎవరు తప్పుగా గుర్తించారు అన్నది అందులో ఉంటుంది. ఈ పని నేర్చుకునేవాళ్లు ముందు చదవాల్సింది దాన్నే. గౌరి గైడ్ మర్యాద కోసం నా సంగతి అందులో రాయకుండా వదిలేద్దామన్నాడట. నేను ఒప్పుకోలేదు. ఆ వరుస లేకపోతే రేపు ఎవరో నా పాత వ్యాసాన్ని బయటికి తీసి మళ్లీ ఇదే కప్పను లేదంటారు.

వ్యాసం అచ్చయి ఇంటికి వచ్చిన రోజు లలిత కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది.

"మీ పేరెక్కడండీ?"

వేలు పెట్టి చూపించాను. చిన్న అక్షరాలు కావడంతో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది.

"మీరు తప్పు చేసేరని రాసింది కదండీ ఆ గుంట."

"అవును" అన్నాను. "చాలా బాగా రాసింది."